అక్క కలిపిన ఉప్పు

నువ్వు కూడా చప్పట్లు కొట్టావు కదక్కా? కొట్టావు. చూశాను. వెనక వరసలో గోడకి ఆనుకుని నిలబడి అందరితోపాటు కొట్టావు. ఎవరి కొంప మునిగిందని కొట్టావు?

లేవకు, కూర్చో. ఆ కెటిల్ జోలికి వెళ్ళకు, నాకు టీ వద్దు. తలుపు నేనే వేశాను. అందరూ హాల్లో కేకు కోసుకుంటున్నారు, ఇప్పట్లో ఇటెవరూ రారు.

నువ్వేం మాట్లాడొద్దులే. నీకు అలవాటేగా. ఇన్ని నెలలూ బెల్లం కొట్టిన రాయిలా ఉన్నదానివి, ఇంకాసేపు ఉండలేవా? ఇవాళ నన్ను మాట్లాడనీ.

చూశావుగా, తెర మీద నా మెరుపులు ఎలా పోయాయో? మన ల్యాబు పెద్దాయన మైకు పట్టుకుని, పెళ్ళిపెద్దలా నవ్వుతూ, "ఇంక ఉప్పు తీసేద్దాం" అన్నాడు. ఎవరో మీట నొక్కారు. ఒక చుక్క పోయింది. ఏదో ఒకటేలే అనుకున్నాను. ఇంకోటి పోయింది. తర్వాత కుంటిది పోయింది. అవును, దానికి కుంటిదని పేరు పెట్టుకున్నాను, వెలుగంతా ఒక పక్కకే పడిందని. ఒక్కోదాని మొహం నాకు తెలుసక్కా. చీకట్లో ఎదురొచ్చినా గుర్తుపడతాను.

ఆఖరికి తెర ఖాళీ. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు! పరీక్ష నెగ్గామట. కలిపిన ఉప్పులో ఒక్క పలుకు కూడా జారిపోకుండా ఏరేశానట. మా బ్యాచ్ వాళ్ళు "చీపురూ! చీపురూ!" అని ఒకటే అరుపులు. ఖాళీ తెర చూసి పండగ చేసుకునే జాతి ప్రపంచంలో మనదొక్కటేనేమో. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం నవ్వుతారు కానీ, మనం కొండను తవ్వి ఎలుక లేదని తేల్చి భుజాలు తట్టుకుంటాం.

నేనూ నవ్వాను. ఏం చెయ్యను మరి? పెద్దాయన చెయ్యి కలిపాడు, నవ్వాను. అప్పుడు వేశారు ఆ చివరి బొమ్మ. ఉప్పు కలిపినవారు, అని పైన. కింద నీ పేరు.

నా సొంత అక్క పేరు.

ఏమే, అప్పుడు కూడా నిమ్మకు నీరెత్తినట్టు ఎలా నిలబడ్డావే నువ్వు?

నాకు పద్ధతి తెలియదని కాదు. చేరిన మొదటి వారమే పెద్దాయన కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మాయీ, గని అడుగున ఆ తొట్టి పెట్టింది కృష్ణ పదార్థం, అదే డార్క్ మేటర్ కోసం. దాని కణం ఎప్పుడైనా వచ్చి తొట్టిలోని ద్రవానికి తగిలితే చిటికెడు వెలుగు వస్తుంది. ఆ చిటికెడు కోసం అందరం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాం. అంత ఆశపడ్డ కంటికి లేనిది కూడా కనబడుతుంది. అందుకని మనలోనే ఒకరు దొంగ మెరుపులు తయారుచేసి అసలు వాటిలో కలిపేస్తారు. దాన్ని ఉప్పు అంటాం. కలిపిందెవరో, ఎంత కలిపారో, అసలు కలిపారో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఆఖరి రోజు ఆ ఉప్పు లెక్క దాచిన పెట్టె తెరిచి దాన్ని తీసేస్తాం. తీసేశాక ఏదైనా మిగిలితే అది నిజం" అన్నాడు. అప్పటిదాకా ఏం కనబడినా గడప దాటి ఎవరికీ చెప్పకూడదన్నాడు, కట్టుకున్నవాడికైనా, కన్నవాళ్ళకైనా. సరేనండీ అన్నాను.

ఆ వారమే ఇంటికెళ్ళి నాన్నకి ఈ ఉప్పు సంగతి చెప్తే ఎంత నవ్వాడనుకున్నావు! "ఓసినీ, ఇది మన గడియారాల కొట్లో ఆటే కదే!" అన్నాడు. పద్ధతి చెప్పడం తప్పు కాదులే, అది అందరికీ తెలిసిందే.

రెండేళ్ళు. రెండేళ్ళు నా ప్రాజెక్టేమిటి? ఊడవడం. రాతిగోడలోంచి వచ్చేది మెరుస్తుంది, గాజులోంచి వచ్చేది మెరుస్తుంది, బోల్టు ఇనుములో పిసరంత యురేనియం ఉంటే అదీ మెరుస్తుంది. ఆఖరికి తొట్టి బిగించినవాళ్ళ చేతి తొడుగుల దుమ్ము కూడా మెరుస్తుంది. ఒక్కోదాన్నీ నువ్వెవరు, నీ ఊరేది, నీ అమ్మాబాబులెవరు అని అడిగి బయటికి గెంటడమే నా పని. చీపురు అని ఊరికే అనలేదుగా వాళ్ళు.

అలా ఊడ్చగా ఊడ్చగా ఒక రోజు, ఊడ్చినా పోనివి మిగిలాయి. గోడవి కావు. గాజువి కావు. బోల్టువి కావు. లెక్కంతా మొదట్నుంచి మళ్ళీ చేశాను. పోలేదు.

ముందు ఎవరి దగ్గరికి వచ్చాను? ఈ గదిలోకే వచ్చాను. ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చున్నాను. నువ్వు కమలాపండు వలుస్తున్నావు. "అక్కా, ఇది ఉప్పై ఉంటుందా?" అని అడిగాను. నువ్వు తలెత్తలేదు. "నీ పని నువ్వు చూసుకో" అన్నావు. అని, నార తీసి, తొనలు నా చేతిలో పెట్టావు. నేను తిన్నాను. తియ్యగా ఉందన్నాను కూడా!

నువ్వే కలిపి, నువ్వే పండు తినిపించి... ఛీ.

ఉద్యోగ ధర్మం అంటావు. తెలుసు. ఆ మాట నువ్వు అనక్కర్లేదు, పెద్దాయన ఇందాకే అన్నాడు. "తోడబుట్టినదాని దగ్గర కూడా నోరు మెదపలేదు, ఇలాంటి మనిషే కావాలి" అని నిన్ను తెగ మెచ్చుకున్నాడు. నా ఏడుపు దాని గురించి కాదక్కా. దొంగ మెరుపైతే ఏం, నా డిగ్రీ ఎక్కడికీ పోదు. ఏమీ లేదని తేల్చినా అది తేల్చడమే. అదంతా నాకూ తెలుసు.

నా ఏడుపు నాన్న గురించి.

కొట్టు గుర్తుందా? గుర్తు లేకపోవడమేమిటి. ఇద్దరు ఒకేసారి లోపలికి రాలేని కొట్టు, గోడ నిండా గడియారాలు, ఒక్కోటీ ఒక్కో టైము. అమ్మ పోయాక బడి వదలగానే మనం అక్కడికేగా. నాన్న కంటికి ఆ భూతద్దం పెట్టుకుని, బాగుచేసిన గడియారంలో తనే ఒక తప్పు పెట్టేవాడు. ఒక చక్రం పన్ను కాస్త వంచేవాడు. లేదా చక్రానికి ఒక వెంట్రుక చుట్టేవాడు. మన ముందు పెట్టి, "పట్టుకోండి చూద్దాం" అనేవాడు.

నువ్వు చెవి ఆనించేదానివి. కళ్ళు మూసుకుని వినేదానివి. నేను? నేను మొత్తం విప్పి పడేసేదాన్ని. మరలన్నీ నేల మీద. నాన్న మోకాళ్ళ మీద పాకుతూ ఏరుకునేవాడు పాపం. ఈలోపు నువ్వు "రెండో చక్రం, నాన్నా" అనేదానివి. ఆయన అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచేవాడు. "పట్టేశావే!"

ఆ మాట నాకోసం ఒక్కసారి కూడా అనలేదు. అనాలనే ఉండేదేమో, నేను పట్టుకుంటేగా! ఇంక దేనికీ ఆ మాట వాడేవాడు కాదు. నువ్వు స్కూలు మొత్తానికి ఫస్టొచ్చినా "సంతోషం" అన్నాడు, అంతే. నాకు యూనివర్సిటీలో సీటొస్తే "మంచిది" అన్నాడు. బల్ల చరచడం మాత్రం దాచింది పట్టినవాళ్ళకే. అంటే నీకే.

నేనెందుకు ఈ చదువులోకి వచ్చాననుకున్నావు? కృష్ణ పదార్థం మీద ప్రేమా? నీ వెనకాల తోకలా వచ్చాను. నువ్వు వెతికే చోట నేనూ వెతికితే ఎప్పటికైనా ఒకటి ముందు పట్టకపోతానా అని వచ్చాను. నవ్వకు. నవ్వట్లేదా? సరే.

ఆ మెరుపులు మిగిలిందెప్పుడో గుర్తుందిగా? ఆసుపత్రిలో నాన్నని చూసి డాక్టరు ఇంక ఇంటికి తీసుకెళ్ళినా ఒకటే, ఇక్కడున్నా ఒకటే అన్న వారం అది. నాన్న ఊపిరి తీస్తుంటే పాత గోడగడియారం మోగబోయే ముందు వచ్చే చప్పుడులా ఉండేది. నేను ల్యాబు నుంచి అటే వచ్చాను. నువ్వు కిటికీ దగ్గర నిలబడి తువ్వాలు మడతపెడుతున్నావు.

చెప్పేశాను. గడప దాటించకూడదని ఒప్పుకున్న మాట, చెప్పేశాను. "నాన్నా, తొట్టిలో ఏదో తగిలింది. ఇప్పటిదాకా ఈ భూమ్మీద ఎవరూ చూడనిది. నేనే చూశాను." ఆయన వినాలని చెవి దగ్గర నోరు పెట్టి మరీ చెప్పాను. ఏం చెయ్యను, ఈయన వెళ్ళిపోతున్నాడు, ఆ పెట్టె తెరిచేదాకా ఆగేట్టు లేడు.

"ఊ" అన్నాడు. "బాగా చూశావా?" అన్నాడు. చూశానన్నాను. "అక్క చూసిందా?" అన్నాడు.

ఎలా ఉంటుంది చెప్పు? చచ్చేముందు కూడా నా మాటకి నీ సంతకం కావాలి ఈయనకి అనుకున్నాను. నీ వైపు చూశాను. నువ్వు మడతపెట్టిన తువ్వాలే విప్పి మళ్ళీ మడతపెడుతున్నావు. నాన్న నన్ను, "పోయి ఏదైనా తినిరా, మొహం పీక్కుపోయింది" అన్నాడు. కిందికెళ్ళి క్యాంటీన్‌లో ఏదో తిన్నాను. నేను తిరిగొచ్చేసరికి నువ్వు బాత్రూంలో మొహం కడుక్కుంటున్నావు. ఆయన పడుకున్నాడు.

మర్నాడు పొద్దున, నువ్వింకా రాలేదు. వేలితో రమ్మని పిలిచాడు. మాస్కు తీసేశాడు. నర్సు తిడుతూనే ఉంది. నా వైపు చూసి, గాలి కూడగట్టుకుని, "పట్టేశావే, చిన్నీ" అన్నాడు. బల్ల లేదుగా అక్కడ. మంచం ఇనుప కమ్మీ మీద చరిచాడు. చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. సెలైన్ గొట్టం ఊగింది.

అక్కా, అదే ఆయన నాతో ఆడిన ఆఖరి పెద్దమాట. తర్వాత అన్నీ నీళ్ళు, దుప్పటి, టైమెంత, అంతే.

ఆయన పోయిన రోజు అందరూ ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. కానీ లోపల ఒక మూల వెచ్చగా ఉంది. నాకు ఆ మాట దొరికింది, ఆయన అది అని పోయాడు అని. ఆ వెచ్చదనం మీదే ఇన్ని నెలలు లేచాను, తిన్నాను, ల్యాబుకి వచ్చాను. ఇవాళ పొద్దున అద్దం ముందు జడ వేసుకుంటూ "ఇవాళ తెరుస్తారు నాన్నా" అని గట్టిగా పైకే అన్నాను. పిచ్చిదాన్నిలే.

ఇప్పుడు చెప్పు. ఆ మాట ఎవరి సొత్తు? దొంగ మెరుపులు చేసింది నువ్వు. వాటిని అచ్చం నిజమైనవాటిలా నున్నగా దిద్దింది నువ్వు. నీ పనితనం తీసుకెళ్ళి నేను నాన్నకి చూపించి, నాది నాదని చెప్పుకున్నాను. ఆయన బల్ల చరిచింది మళ్ళీ నీకే! నా బతుక్కి ఒక్క మెప్పు దొరికితే అది కూడా నీ చేతి వంటేనా అక్కా?

నువ్వు అక్కడే ఉన్నావు. "కాదు నాన్నా, అది ఇంకా తేలలేదు" అని ఒక్క ముక్క అనుంటే ఏం పోయేది? నన్ను పక్కకి లాగి నోరు మూసుకోమని ఒక్క చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. పాపం ఆ మనిషి ఒక అబద్ధాన్ని గుండెలకి హత్తుకుని పోయాడు. నేను హత్తించాను. నువ్వు చూస్తూ నిలబడ్డావు.

ఏంటి?

ఏం తెలుసు? ఎవరికి తెలుసు?

సరిగ్గా చెప్పు. తల ఎత్తి చెప్పు. నాన్నకి తెలుసంటే ఏంటి అర్థం?

...నేను క్యాంటీన్‌కి వెళ్ళినప్పుడా.

ఆయనే అడిగాడా? నువ్వు చెప్పకుండానే? "పెద్దీ, పెట్టింది నువ్వేనా" అని అడిగాడా? ఆ తువ్వాలు చూసే పట్టేసి ఉంటాడు. జీవితమంతా ఇతరుల గడియారాల్లో తప్పులు దాచిన మనిషి, దాచినదాని మొహం గుర్తుపట్టడూ!

నువ్వేమన్నావు? ఏమీ అనలేదా? తల ఊపావా? అంతేనా? తల ఊపావు. ఒసే అక్కా. ఇంత పెద్ద ధర్మాత్మురాలివి, తల ఊపావా? పెద్దాయనకి తెలిస్తే నిన్ను ఇక్కడ ఒక్క రోజు ఉంచుతాడా?

ఊరుకో, ఏడవకు. తర్వాత? తర్వాతేమన్నాడో చెప్పు. ఒక్క ముక్క మింగకుండా చెప్పు.

"బాగా దాచావా?" అన్నాడా.

నువ్వేమన్నావు? చేతనైనంత దాచానన్నావా? నాకోసం తేలిగ్గా పెట్టలేదుగా? ఒట్టు వెయ్యి. నా మీద కాదు, నాన్న మీద వెయ్యి. ఒక్కటైనా, చిన్నది కదా, దీని పిల్లకళ్ళకి ఆనాలి కదా అని పెట్టలేదుగా? మరి కుంటిది? దాన్ని ఎవరూ పట్టకూడదనే అలా వంకరగా చేశావా? నిజంగా? పెద్దాయన కూడా దాన్ని చెత్తే అన్నాడు తెలుసా, నేనే పోట్లాడి ఉంచాను. అలాగా.

అది విని నాన్నేమన్నాడు?

"అయితే పట్టిందన్నమాట."

ఉండు. ఒక్క నిమిషం. నన్ను ముట్టుకోకు, ఒక్క నిమిషం.

అంటే మర్నాడు పొద్దున నన్ను పిలిచేసరికి ఆయనకి అన్నీ తెలుసు. తెలిసే అన్నాడు. నేను పైలోకం నుంచి ఏదో దింపుకొచ్చానని కాదు అన్నది. పెద్దది దాచింది, చిన్నది పట్టింది, అందుకన్నాడు. కొట్లో ఎలా అనేవాడో అలాగే అన్నాడు. ఇంక దేనికీ వాడడుగా ఆ మాట. నాకెందుకు తట్టలేదు? మందుల మైకంలో, మురిపెంగా అన్నాడనుకున్నాను. ఆయన పొరపాటున కూడా ఆ మాట వేరేదానికి వాడే మనిషి కాదే!

ఆ తర్వాత నేనేమన్నానో తెలుసా? "నాన్నా, దీనికి నీ పేరు పెట్టిస్తాను" అన్నాను. నవ్వాడు. అది వట్టిదని తెలిసి, ఉండదని తెలిసి, నవ్వాడు. నన్ను ఆపలేదు. మీ ఇద్దరూ కలిసి నా నెత్తి మీంచి చూసుకున్నారన్నమాట, చిన్నప్పట్లాగే. ఇంట్లో ముగ్గురం ఉంటే ఇద్దరికి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. కోపం రాదా చెప్పు? వస్తోంది. నీ మీదా వస్తోంది, ఆయన మీదా వస్తోంది. ఆయన్ని ఇప్పుడెక్కడ పట్టుకుని పోట్లాడను?

ఇవాళ్టి రోజు నాకొస్తుందని ఆయనకి తెలుసక్కా. తెర ఖాళీ అవుతుందని, అందరూ చప్పట్లు కొడుతుంటే నేను దిక్కులు చూస్తానని. ఆ రోజుకి తనుండడని కూడా తెలుసు. అందుకే మాస్కు పీకేసి మరీ ముందే అనేసి పోయాడు.

నాకు ఆయన కావాలక్కా. మాట వద్దు, ఏమీ వద్దు. ఆ కొట్లో కూర్చుని, నా మరలు ఏరుకుంటూ, నన్ను తిడితే చాలు.

జరుగు. ఇటు జరుగు, నేనూ కూర్చుంటాను. నీ చేతులెందుకింత చల్లగా ఉన్నాయి? ఇన్ని నెలలూ ఇది కడుపులో పెట్టుకుని ఎలా తిన్నావే అన్నం? నాతో ఎలా కూర్చున్నావే? నేను రోజూ "నాన్న అలా అన్నాడక్కా, ఇలా అన్నాడక్కా" అని చెప్పుకుంటుంటే, ఎన్నోసారో విన్నట్టు కాకుండా మొదటిసారి విన్నట్టు విన్నావు. దుర్మార్గురాలివి.

కళ్ళు తుడుచుకో. తలుపు కొడుతున్నారు. వస్తున్నామండీ! ఒక్క నిమిషం!

విను. పెద్దాయన అడుగుతాడు, తెరవకముందు బయట ఎవరికైనా తెలిసిందా అని, ప్రతిసారీ అడుగుతాడుగా. లేదండీ అంటాను. నువ్వూ అదే అను. నేను నోరు జారలేదు, నువ్వు తల ఊపలేదు. అలా చూడకు. నా నోట్లో నువ్వుగింజ నానదని నాన్న ఎప్పుడూ అనేవాడు, నాకు తెలుసు. ఆయన ముందు నానని మాట నిజమే.

ఇంక నానుతుందిలే అక్కా. ఏది తెలిసినా పరిగెత్తుకెళ్ళి నేను చెప్పేది ఆ ఒక్క మనిషికేగా.